కట్టడాలు చూశాము సరే, కార్ఖానాలు చూశామా?

సికింద్రాబాద్‌లో నివసించే ముస్లిం కుటుంబాలకు పాతబస్తీతో ఉన్న సంబంధం చాలావరకు రెండు సందర్భాలకే పరిమితమైపోయింది. ఒకటి రమజాన్ చివరి పది రాత్రుల్లో బట్టల కొనుగోలు. (ఆ రాత్రులు అసలు దేనికోసం ఉన్నాయో ఇక్కడ చర్చించబోము.) రెండవది ఇంట్లో పెళ్ళి. జిల్లాల నుంచి బంధువులు వచ్చినప్పుడు మూడవ సందర్భం కూడా కలుగుతుంది. పిల్లలను చార్మినార్ ఎదుట నిలబెట్టి ఫొటో తీస్తారు. మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు వేస్తారు. లాడ్ బజారులో నాలుగు జతల గాజులు బేరమాడి, ఎక్కడైనా బిర్యానీ తిని, చీకటి పడేసరికి ఇల్లు చేరతారు. హైదరాబాద్ చూడటం అక్కడితో పూర్తయిందని అందరూ అనుకుంటారు.

మా అభిప్రాయంలో అది సగం చూడటం మాత్రమే. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, యాత్రికుల చూపు పడని వెనుక గదుల్లో లక్క కరిగించేవారు, వెండిని వరఖుగా కొట్టేవారు, రెల్లు కలంతో అక్షరం దిద్దేవారు నేటికీ ఉన్నారు. కట్టడాలకు కాపలా ఉంది, టికెట్టు ఉంది, మరమ్మతుకు ప్రభుత్వ శాఖ ఉంది. ఈ చేతి విద్యలకు అవేవీ లేవు. కొనేవాడు, నేర్చుకునేవాడు, ఈ ఇద్దరే వాటికి దిక్కు. ఆ ఇద్దరూ మన ఇళ్ళలో నుంచే రావాలి కనుక ఈ వ్యాసం రాస్తున్నాము.

మేము బోధించే మదర్సాలో కొన్నేళ్ళుగా ఒక ఆనవాయితీ ఉంది. పరీక్షలు ముగిసిన వారంలో పెద్ద తరగతి విద్యార్థులను పాతబస్తీకి తీసుకువెళతాము. ఒక కట్టడం చూస్తే, దాని పక్కన ఒక కార్ఖానా చూడాలన్నది నియమం. ఒక విడతకు పదిమందికి మించి తీసుకువెళ్ళము. కార్ఖానా అంటే చాలాచోట్ల ఒక కుటుంబం పడుకునే గదే. యాభైమంది వెళ్ళి గుమ్మంలో నిలబడితే అది సందర్శన కాదు, దాడి.

మొదటి మజిలీ మన సికింద్రాబాద్ పక్కనే, బేగంపేటలో ఉంది. జనం స్పానిష్ మసీదు అని పిలిచే ఆ మసీదును పాయిగా అమీరు సర్ వికారుల్ ఉమ్రా 1900లో మొదలుపెట్టించగా 1906లో పూర్తయింది. ఆయన స్పెయిన్‌లోని కర్తబా మసీదును చూసి ఆ కమానుల పోలికతో దీన్ని కట్టించాడు. మెట్రో రైలులో రోజూ దాని పక్కగా పోయే మనవాళ్ళలో లోపల రెండు రకాతులు చదివినవారు ఎంతమంది? విద్యార్థులను అడిగితే ఒకరిద్దరు మాత్రమే చేయి ఎత్తారు.

పాతబస్తీకి ఇప్పుడు ప్రయాణం సులభమే. 2020లో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు మెట్రో వచ్చాక సికింద్రాబాద్ నుంచి మూసీ గట్టు దాకా హాయిగా చేరవచ్చు. అక్కడి నుంచి మేము నడిచే వెళతాము. నయాపూల్ దాటి మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టీలోకి ప్రవేశిస్తే రెండు వైపులా నల్లరాతి కమానుల వరుస కనిపిస్తుంది. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత నగరాన్ని చక్కదిద్దిన కాలంలో, ఏడవ నిజాం హయాంలో కట్టినవి ఇవి. అదే వరద మదీనా కూడలి దగ్గరి బాదుషాహీ ఆషుర్‌ఖానా గోడల మీది రంగుల పలకలను కింది భాగంలో పాడుచేసింది. పై భాగంలో 1611 నాటి పలకలు ఇప్పటికీ నిన్ననే బట్టీలో నుంచి తీసినట్టు మెరుస్తాయి. కింద మరమ్మతు చేసిన చోట రంగు మాత్రమే ఉంది, మెరుపు లేదు. ఆ పలకలు చేసే విద్య తెలిసినవారు అప్పటికే ఈ నగరంలో కరువయ్యారని ఆ గోడే చెబుతుంది. చేతి విద్య పోవడం అంటే ఏమిటో పిల్లలకు చూపించాలంటే ఇంతకంటే మంచి చోటు మాకు దొరకలేదు.

చార్మినార్ సంగతి పాఠకులకు కొత్త కాదు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. హిజ్రీ వెయ్యవ సంవత్సరం మొదలైంది ఆ ఏడాదే. ఒక్కో పక్క 20 మీటర్లు, మీనార్ల ఎత్తు దాదాపు 49 మీటర్లు, పైకి 149 మెట్లు, పై అంతస్తులో పడమటి వైపు మసీదు. గడియారాలు మాత్రం 1889లో వచ్చాయి. ఈ లెక్కలు పిల్లలు పుస్తకంలో చదువుకోగలరు. మేము వారికి చూపించేది గచ్చుపని. మీనార్ల మీద పూలు, లతలు, గొలుసులు అన్నీ సున్నంతో చేసినవే, రాయి చెక్కినవి కావు. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి ఆ నగిషీ పెళ్ళ ఒకటి ఊడి కింద పడినప్పుడు నగరమంతా కలవరపడింది. దాన్ని తిరిగి అతికించడానికి సిమెంటు పనికిరాదు. సిమెంటు గోడలోని చెమ్మను బయటికి పోనివ్వదు. పాత సున్నంతో కలవదు, కొన్నేళ్ళకు రెండింటినీ చీల్చుకుని ఊడుతుంది. కావలసింది డంగుసున్నం. సున్నాన్ని, ఇసుకను రాతి గాడిలో చక్రం కింద రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం వంటివి కలిపి పదును తెచ్చే విద్య అది. మన ఊళ్ళలో తాతల నాటి ఇళ్ళు కట్టింది కూడా ఆ సున్నంతోనే. ఈ రోజు ఊరికి ఒక్క మేస్త్రీకి కూడా అది తెలియదు.

గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలో ఆగాఖాన్ ట్రస్టు వారు 2013లో మొదలుపెట్టిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. అక్కడ కూడా గత శతాబ్దంలో పూసిన సిమెంటును గీకి తీసి, మళ్ళీ సున్నపు పూత వేయవలసి వచ్చింది. ఆ పని ఇంజనీర్ల లెక్కలతో మాత్రమే జరగలేదు. తాపీ పట్టిన చేతులు దొరికాయి కనుక జరిగింది.

మక్కా మసీదుకు సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా 1617లో పునాది వేయించగా, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. డెబ్భై ఏడేళ్ళు! తాత మోసిన రాయి మీద మనవడు రాయి పెట్టి ఉంటాడు. ఆ కాలంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే ఆ పనిని చూసి రాసిపెట్టాడు. మిహ్రాబ్ వైపు రాయి ఒక్కదాన్ని గనిలో నుంచి తీయడానికే ఐదేళ్ళు పట్టిందని, ఐదారువందల మంది ఆ పని మీదే ఉన్నారని, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చాయని ఆయన వివరం. ఎద్దుల లెక్క కూడా మనకు దక్కింది గానీ, ఆ ఐదారువందల మందిలో ఒక్కరి పేరూ దక్కలేదు.

ఈ మసీదు పనిని పర్యవేక్షించిన మూసాఖాన్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఖర్చయ్యే ప్రతి రూపాయికి ఒక దమ్డీ చొప్పున తనకు ముట్టేదని, ఆ దమ్డీలు కూడబెట్టి ఆయన కార్వాన్‌లో ఒక మసీదు కట్టించాడని చెబుతారు. అదే 1671 నాటి తోలీ మసీదు. దమ్డీ మసీదు అన్న పేరు కూడా దానికి ఉంది. చిన్నదే అయినా దాని గచ్చు నగిషీలో ఉన్న సున్నితం పెద్ద మసీదులో లేదని మా అభిప్రాయం. వీలుంటే తప్పక చూడండి. ఆ వైపు యాత్రికులు దాదాపు రారు.

ఇక లాడ్ బజారు. చార్మినార్ నుంచి పడమటి వైపు పోయే ఈ వీధిలో దుకాణాల వెలుగు చూస్తే కళ్ళు చెదురుతాయి. మన ఇళ్ళలో పెళ్ళికూతురికి చూడీల జోడా లేకుండా పెళ్ళి సామాను పూర్తి కాదు. ఈ గాజుకు మూలం లక్క. మోదుగ, రేగు, పుసుగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు స్రవించే బంక అది. దాన్ని శుభ్రం చేసి, బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, రంగు కలిపి, పిండిలా పిసికి, తాడులా సాగదీసి, లోహపు కడియం చుట్టూ అద్ది, కర్ర అచ్చు మీద కొలతకు తెస్తారు. రెండుంపావలా, రెండున్నర అని మన ఆడవాళ్ళు చెప్పే కొలతలు ఆ కర్ర మీదివే. లక్క ఇంకా మెత్తగా ఉండగానే నగీనాలు, అద్దపు ముక్కలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో పొదగాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడుతుంది, తొందరపడితే రాయి వంకర పోతుంది, వేలు కాలుతుంది. ఈ పొదిగే పని ఎక్కువగా ఇళ్ళలో స్త్రీలు చేస్తారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఈ పేరుతో వేరేచోట చేసినవి అమ్మరాదని చట్టం చెబుతుంది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ గుర్తింపు దుకాణం అద్దాల వరకు వచ్చింది, కుంపటి దాకా ఎంతవరకు చేరిందో వారి ఇళ్ళకు వెళితేనే అర్థమవుతుంది.

మా విద్యార్థి ఒకడి కుటుంబం ఈ పనిలోనే ఉంది. చార్మినార్ వెనుక గల్లీలో వారిది ఒకటిన్నర గది ఇల్లు. పరదా అవతల అతని తల్లి, అక్క పొదుగుతుంటారు. ఇవతల తండ్రి కుంపటి ముందు కూర్చుంటాడు. మేము వెళ్ళినప్పుడు ఆయన చాయ్ తెప్పించి, పిల్లలకు లక్క సాగదీయడం చూపించి, చివరకు మమ్మల్ని పక్కకు పిలిచి అన్నాడు: "మౌలానా సాబ్, మావాడు సెలవు రోజుల్లో నా పక్కన కూర్చుంటున్నాడు. చేయి బాగా తిరుగుతోంది. అదే నా భయం. మా అబ్బాజాన్ కళ్ళు ఈ పొగకే పోయాయి. మీరైనా వాడికి చెప్పండి, ఈ పని వద్దని."

మేము సమాధానం ఆలోచించేలోపే పరదా వెనుక నుంచి తల్లి గొంతు వినిపించింది: "పని చెడ్డది కాదు హజ్రత్. కూలి చెడ్డది."

ఆ తండ్రికి చెప్పడానికి మదర్సా ఉపాధ్యాయులుగా మా దగ్గర మాటలకు కొదవ లేదు. దావూద్ (అ) ఇనుముతో కవచాలు చేసేవారని, జకరియ్యా (అ) వడ్రంగి అని, తన చేతులతో సంపాదించి తినే తిండికి మించిన తిండి లేదని దైవప్రవక్త (స) బోధించారని మేము తరగతిలో చెబుతూనే ఉంటాము. చేతి పనిని చిన్నచూపు చూడటం ఇస్లామ్ నేర్పిన సంస్కారం కాదు. కానీ ఆ గదిలో ఆ మాటలు చెప్పడానికి నోరు రాలేదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ఆదేశం కూడా ఆ బోధనల్లోనిదే. దాన్ని పాటించవలసినవారు ఆ తండ్రీకొడుకులు కారు. కొనేవాళ్ళము మనము, కొని అమ్మేవారు దుకాణదారులు. ఆ సగాన్ని వదిలేసి, శ్రమ ఎంత గొప్పదో శ్రామికుడికే ఉపదేశించడం అన్యాయం.

ఈ సందర్భంలో మరో చేదు విషయం దాచకుండా చెప్పుకోవాలి. 2015 జనవరిలో పాతబస్తీలో పోలీసులు జరిపిన తనిఖీల్లో గాజుల కార్ఖానాల నుంచి వందలాది మంది పిల్లలు బయటపడ్డారు. అత్యధికులు బీహార్ నుంచి తెచ్చినవారు. ఇరుకు గదుల్లో పొద్దస్తమానం పని చేయించేవారని ఆనాటి పత్రికలు రాశాయి. వారిలో చాలామంది మన పిల్లల పేర్లే ఉన్నవారు. పెళ్ళికూతురి చేతికి మనం తొడిగిన జోడాలో ఏ పిల్లవాడి కాలిన వేలు ఉందో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకునే కొడుకు వేరు, అప్పుకింద తాకట్టు పడి పరాయి ఊళ్ళో పనిచేసే పిల్లవాడు వేరు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోరాదు. సొంత కుటుంబ వృత్తిలో, అదీ ప్రమాదం లేని పనిలో, బడి వేళల తరువాత సాయపడటానికి మినహాయింపు ఉంది. కుంపటి పొగ, రంగుల పొడి ఉన్నచోట ప్రమాదం లేదని ఎవరూ అనలేరు కనుక మా విద్యార్థి విషయంలో మేము తండ్రితో అన్నది ఇంతే: "వాడు హిఫ్జ్ పూర్తి చేయనివ్వండి, పదో తరగతి పరీక్ష రాయనివ్వండి. ఆ తరువాత ఈ పని చేస్తాడో మానతాడో వాడు నిర్ణయించుకుంటాడు. అప్పటిదాకా వాడి చేతిలో కాగితం మీద నమూనాలు గీసే పని పెట్టండి, కుంపటి దగ్గరకు రానివ్వకండి." తండ్రి తల ఊపాడు. తల్లి ఏమీ అనలేదు.

బేరం గురించి కూడా రెండు మాటలు. బేరమాడటం నిషిద్ధం కాదు. కొనుగోలులో, అమ్మకంలో మెత్తగా వ్యవహరించేవారిని దైవప్రవక్త (స) దీవించారన్నది కూడా మరువరాదు. లాడ్ బజారులో మన ఆడపడుచులు సగానికి సగం తగ్గించి గెలిచినట్టు సంతోషిస్తారు. దుకాణదారుడు తన లాభాన్ని అంత సులభంగా వదులుకోడు. తగ్గించిన రూపాయలు మరుసటి వారం డజనుకు ఇచ్చే కూలిలో నుంచి పోతాయి. అందుకని మా విద్యార్థులకు నేర్పిన ప్రశ్నలు వేరు. ఇది లక్కేనా, అచ్చుపోసిన ప్లాస్టిక్కా? ఎక్కడ చేశారు? చేసినవారిని చూడవచ్చా? లక్క గాజును చేతిలో పట్టుకుంటే గాజు అంత చల్లగా ఉండదు. రెండు తాకిస్తే మోగదు, మొద్దుగా చప్పుడవుతుంది. రాయి ఊడిపోతే పారేయనక్కరలేదు. కుంపటి సెగ చూపించి కొత్త రాయి పొదిగి ఇస్తారు. ఈ ఒక్క సంగతి తెలిసినా మన ఇళ్ళలో పాత పెట్టెల అడుగున పడి ఉన్న ఎన్నో జోడాలు మళ్ళీ వెలుగు చూస్తాయి.

మేము ఎక్కువ సమయం గడిపేది ఛత్తా బజారులో. మదీనా కూడలి నుంచి పురానీ హవేలీ వైపు పోయే ఈ ప్రాంతం ముద్రణాలయాలకు, ఉర్దూ కాతిబులకు పేరుపొందింది. మా విద్యార్థి దశలో మేము చదివిన పాఠ్యగ్రంథాలన్నీ ఏదో ఒక కాతిబు చేతిరాతలో ఉండేవి. పసుపు పూత పూసిన కాగితం మీద వారు రాసింది రాతి అచ్చు మీదికి ఎక్కేది. 1949లో మొదలైన సియాసత్ సహా ఉర్దూ దినపత్రికలన్నీ దశాబ్దాల పాటు ప్రతి రోజూ చేత్తో రాసి అచ్చువేసినవే. ప్రతి కాతిబు రాతకూ ఒక ముఖం ఉండేది. పుట తెరిస్తే ఇది ఫలానా ఉస్తాద్ చేయి అని మా పెద్దలు పోల్చేవారు. 1990లలో ఇన్‌పేజ్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండు మూడేళ్ళలో ఆ వరుస దుకాణాలు వెలవెలబోయాయి. తెలుగు పాఠకులకు ఇది అర్థం కావాలంటే, ఫ్లెక్సీలు వచ్చాక మన ఊళ్ళలో గోడల మీద, సైను బోర్డుల మీద రాసే పెయింటర్లు ఏమయ్యారో గుర్తు చేసుకుంటే చాలు.

కంప్యూటర్‌ను నిందించడం మా ఉద్దేశం కాదు. మదర్సా ప్రశ్నపత్రాలు మేమూ దానిమీదే తయారు చేస్తాము. అయితే అక్షరాన్ని చేత్తో దిద్దడంలో ఉన్న శిక్షణ వేరు. రెల్లు కలాన్ని ఏటవాలుగా కోసి, దాని మొన పెట్టే చుక్కనే కొలతగా తీసుకుని ప్రతి అక్షరం ఎత్తు, వెడల్పు నిర్ణయిస్తారు. అలిఫ్ ఎన్ని చుక్కలు, బే పడవ ఎన్ని చుక్కలు, లోతు ఎంత, అన్నిటికీ లెక్క ఉంది. మేము తీసుకువెళ్ళిన పిల్లలకు అక్కడి వృద్ధ కాతిబు ఒకరు కలం కోయడమే అరగంట నేర్పారు. ముగ్గురి కలాలు చీలిపోయాయి. ఒకడు వేలు కోసుకున్నాడు. తరువాత ఒక్క బే అక్షరం రాయమన్నారు. ఇరవైసార్లు రాసినా ఆయనకు నచ్చలేదు. ఫోనులో గంటకు వంద సందేశాలు పంపే కుర్రాళ్ళు ఒక్క అక్షరం కోసం చెమటలు కక్కడం చూసి మాకు లోలోపల నవ్వు వచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. "బేటా, నువ్వు రాయడం లేదు, గీస్తున్నావు. ఊపిరి బిగబట్టు" అని మళ్ళీ చేయి పట్టుకుని రాయించారు.

ఆయనకు ఇప్పుడు వచ్చే పని పెళ్ళి పత్రికల మీద పేర్లు, మసీదుల్లో ఫలకాలు, ఎప్పుడైనా ఒక సన్మాన పత్రం. తన ఉస్తాద్ దగ్గర పన్నెండు మంది నేర్చుకున్నారని, తన దగ్గర ప్రస్తుతం ఎవరూ లేరని మామూలుగా చెప్పారు. ఫిర్యాదు చేసే స్వభావం ఆయనది కాదు. ఆ సందర్శన తరువాత మా విద్యార్థులు ఇద్దరు గురువారం మధ్యాహ్నాలు ఆయన దగ్గరకు వెళుతున్నారు. రానుపోను బస్సు ఖర్చులు మదర్సా ఇస్తోంది. నెలకు ఇంత అని ఆయనకు ఫీజు కూడా ఇస్తున్నాము. మొదట తీసుకోనన్నారు. విద్యకు వెల కట్టరాదన్న మర్యాద ఆయనది. కానీ ఉచితంగా నేర్పే ఉస్తాద్ ఇల్లు ఏ డబ్బుతో గడవాలి? చాలాసేపు వాదించి ఒప్పించాము. 1931లో మొదలై ఇప్పుడు పంజాగుట్టలో నడుస్తున్న ఇదారా అదబియాత్-ఎ-ఉర్దూలో పాత వ్రాతప్రతులు భద్రపరచి ఉన్నాయి. బే కుదిరాక ఆ ఇద్దరినీ అక్కడికి తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాము.

వరఖ్ కొట్టేవారి దగ్గర మేము ఎక్కువసేపు ఆగము. చెవులు నిలవవు. చిన్న వెండి ముక్కలను ఒక కట్టలోని పొరల మధ్య పెట్టి గంటల తరబడి సుత్తితో కొడితే, ఊదితే ఎగిరిపోయే రేకు తయారవుతుంది. పూర్వం ఆ పొరలు తోలుతో ఉండేవి. 2016లో వచ్చిన ఆహార భద్రత నియమాలు జంతు సంబంధమైన పొరలను నిషేధించాయి. ఇప్పుడు ప్రత్యేకమైన కాగితం వాడుతున్నారు, యంత్రాలూ వచ్చాయి. మిఠాయి కొనేటప్పుడు వరఖ్ వెండిదేనా, అల్యూమినియం రేకా అని అడగడం మాత్రం మరువకండి. ముత్యాల దుకాణాల గురించి చెప్పేదేమీ లేదు. ముత్యం ఇక్కడి నీళ్ళలో పుట్టదు. దానికి రంధ్రం వేసి దండ కూర్చే నేర్పు మాత్రమే మన నగరానిది.

బిద్రీ సామాను చూడనిదే మా ప్రయాణం పూర్తి కాదు. దుకాణాలు గుల్జార్ హౌజ్ పరిసరాల్లో, ఆబిడ్స్‌లో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాతకాలపు హుక్కాలు, పాన్‌దాన్లు చూసి ఆ తరువాత దుకాణానికి వెళితే తేడా తెలుస్తుంది. యశదం ఎక్కువగా, రాగి తక్కువగా కలిపి ఇసుక అచ్చులో పోత పోసి, మీద ఉలితో సన్నని గాడులు చెక్కి, వాటిలో వెండి తీగను సుత్తితో దించుతారు. అప్పటిదాకా వెండి, లోహం రెండూ ఇంచుమించు ఒకే రంగులో ఉంటాయి. బీదర్ కోటలోని పాత మట్టిని నవాసాగరంతో కలిపి వేడి మీద రుద్దగానే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. మా విద్యార్థులు ఆ క్షణాన్ని చూసి "సుబ్‌హానల్లాహ్" అన్నారు. 1956 దాకా బీదర్ మన హైదరాబాద్ రాష్ట్రంలోదే కనుక ఇది పరాయి విద్య కాదు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ ఇచ్చారు. వలీమాలకు, గృహప్రవేశాలకు గోడ గడియారాలు, గాజు గిన్నెల సెట్లు ఇచ్చే బదులు ఒక చిన్న బిద్రీ పెట్టె ఇవ్వడం అలవాటు చేసుకోవచ్చు. ఖరీదు ఎక్కువే. ముగ్గురు నలుగురు బంధువులు కలిసి ఒకటి ఇస్తే సరిపోతుంది.

వెళ్ళదలచినవారి కోసం కొన్ని సూచనలు చెప్పి ముగిస్తాము. జుమా రోజున సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి. రమజాన్‌లో పనివారికి ఊపిరి సలపదు, ఆ నెలలో కార్ఖానాలకు వెళ్ళవద్దు. ఇళ్ళలో పనిచేసే స్త్రీల దగ్గరకు మీ ఇంటి ఆడవారిని ముందు పంపండి. అడగకుండా ఫొటో తీయవద్దు. చూసి ఊరకే రాకండి, చిన్నదైనా ఒక వస్తువు కొనండి, చేసినవారి చేతికే డబ్బు ఇవ్వండి. పిల్లల చేత వారికి సలాం చెప్పించి, చాచా అనో ఖాలా అనో పిలిపించి, పని ఎలా నేర్చుకున్నారో అడిగించండి. ఉదయం పదింటికి ముందు వెళితే చార్మినార్ దగ్గర రద్దీ ఉండదు. కుంపట్లు మాత్రం పదకొండు దాటాకే రాజుకుంటాయి. ఆ గంటలో మక్కా మసీదు ఆవరణలో కూర్చోవచ్చు.